విశాఖ తీరంలో పిల్లలకు సముద్ర తాబేళ్లను చూపించవచ్చా?

ఫిబ్రవరి చివరి వారంలో కుటుంబంతో విశాఖపట్నం వస్తున్నామని, ఋషికొండ వైపు సముద్రానికి ఎదురుగా ఉన్న రిసార్టులో దిగుతున్నామని, తాబేళ్లు గుడ్లు పెట్టడం పిల్లలకు చూపించి, వీలైతే వారి చేతులతోనే తాబేలు పిల్లలను నీటిలో వదిలించాలని ఉందని మీరు రాశారు. మొదటి కోరిక తీరడం మీ అదృష్టం. రెండవదాన్ని మాత్రం మానుకోమనే చెబుతాను. కొన్నేళ్లుగా ఈ కాలంలో రాత్రిపూట గూళ్లు వెతికే వారి వెంట ఈ తీరంలో నడుస్తున్నాను కనుక చూసిన సంగతులే రాస్తున్నాను.

టీవీలో చూపించే, ఇసుక కనబడనంతగా తాబేళ్లు నిండిన దృశ్యాలు ఒడిశాలోని గహిర్మఠ, ఋషికుల్య తీరాలవి. మన దగ్గరకు వచ్చేవీ అదే ఆలివ్ రిడ్లే జాతివే అయినా, ఇక్కడ ఒక్కొక్కటిగా, ఏ రాత్రి ఎక్కడ అన్నది తెలియకుండా వస్తాయి. జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెడతాయి. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటకు వస్తాయి. అందువల్ల ఫిబ్రవరి చివరలో గుడ్లు పెట్టే తల్లులు, అంతకు ముందే గుడ్లు పెట్టిన గూళ్ల నుంచి వచ్చే పిల్లలు, రెండూ కనబడే అవకాశం ఉంది. రాత్రంతా నడిచి కూడా ఏమీ చూడకుండా తిరిగి రావడమూ అంతే మామూలు.

ఒకవేళ తల్లి తాబేలు ఎదురైతే, ఏ దశలో ఉన్నదో గమనించడం ముఖ్యం. నీటి నుంచి పైకి వచ్చి చోటు వెతుక్కునేటప్పుడు దానికి బెదురు ఎక్కువ; ఒక టార్చి వెలుగు పడినా, ఎదురుగా ఎవరైనా కదిలినా గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరుగుతుంది. గొయ్యి తవ్వి గుడ్లు విడవడం మొదలుపెట్టాక అంతగా చలించదు. వెనక కాళ్లతో ఒకదాని తరువాత ఒకటిగా ఇసుక తోడి, మోకాలి లోతు ఉండే కూజా ఆకారపు గొయ్యి చేసి, అందులో వందకు అటూ ఇటూగా తెల్లని, మెత్తని పెంకు గల గుడ్లు పెడుతుంది. కంటి నుంచి కారే జిగట నీటిని చూసి నొప్పితో ఏడుస్తున్నదని అనుకుంటారు కానీ, అది శరీరంలోని అదనపు ఉప్పును బయటకు పంపే పద్ధతి మాత్రమే. ఆ తరువాత ఇసుక కప్పి, కుడికీ ఎడమకీ ఊగుతూ పొట్టడిప్పతో దబదబ మోదుతూ నేలను గట్టిపరుస్తుంది. నిశ్శబ్దంగా ఉన్న రాత్రి ఆ చప్పుడు కొంత దూరం వరకు వినిపిస్తుంది. నాకైతే గుడ్లు పెట్టడం కన్నా అదే ఎక్కువ గుర్తుండిపోయింది. మీరు దాని వెనక వైపు, కొన్ని అడుగుల దూరంలో కూర్చుని, ఫోను వెలిగించకుండా చూడవచ్చు. ఫ్లాష్‌తో ఫొటోలు అసలు వద్దు.

వెలుగు విషయమే ఈ తీరంలో అసలు సమస్య. తాబేలు పిల్లలు సాధారణంగా ఇసుక చల్లబడిన తరువాత, రాత్రివేళ బయటపడి, తక్కువ ఎత్తులో ఎటు వెలుగు ఎక్కువగా ఉంటే అటు పాకుతాయి. దీపాలు లేని తీరంలో ఆ వెలుగు సముద్రం వైపు ఉంటుంది. బీచ్ రోడ్డు, హోటళ్లు ఉన్న చోట వెనక వైపు ఉంటుంది. ఒక రిసార్టు ముందు తెల్లవారుజామున చూసిన జాడలు చెబుతాను: గూటి నుంచి బయలుదేరిన సన్నని గీతలు సముద్రం వైపు కాక, ప్రహరీ మీది తెల్లని ఫ్లడ్ లైటు వైపు వెళ్లి, గోడ వెంబడి అటూ ఇటూ తిరిగి, కాకుల కాలి గుర్తుల దగ్గర ఆగిపోయాయి. తెలుపు, నీలం కాంతులు ఎక్కువ హాని చేస్తాయి. ఎరుపు, ముదురు పసుపు కొంత నయం. మీరు గది తీసుకునేటప్పుడు సముద్రం వైపు దీపాలను రాత్రి ఆర్పుతారా అని రిసార్టు వారిని అడగండి. వందమంది వలంటీర్లు చేయలేని పని డబ్బు కట్టే అతిథి అడిగితే జరుగుతుందని నా నమ్మకం.

ఇక హ్యాచరీల సంగతి, అంటే సేకరించిన గుడ్లను పిల్లలయ్యే దాకా కాపాడే చోట్ల సంగతి. విశాఖ తీరంలో గుడ్లను ఉన్నచోటే వదిలేస్తే కుక్కలు తవ్వేస్తాయి, జనం తొక్కుతారు. ఆర్కే బీచ్ వంటి చోట కోత వల్ల ఒక్కొక్కసారి ఇసుకే మిగలదు. అందుకే అటవీశాఖ వారు గుడ్లను రాత్రికి రాత్రే సేకరించి, కంచె వేసిన హ్యాచరీలో అదే లోతున పాతి, తేదీ రాసిన కర్ర గుచ్చుతారు. ఆలస్యమైతే ప్రమాదం, పెట్టిన కొన్ని గంటలకే పిండం లోపలి పొరకు అతుక్కుంటుంది కాబట్టి ఆ తరువాత గుడ్డును అటూ ఇటూ తిప్పినా పిండం చచ్చిపోవచ్చు. పైగా పుట్టేది ఆడదా మగదా అన్నది ఇసుక వేడి నిర్ణయిస్తుంది. 29, 30 డిగ్రీల దగ్గర రెండూ దాదాపు సమానంగా, అంతకు మించితే ఎక్కువగా ఆడవే పుడతాయి. నీడ లేని హ్యాచరీలో ఎండ పెరిగేకొద్దీ ఈ లెక్క తప్పుతుంది. వీలున్న చోట గూటిని కదపకుండా కాపలా కాయడమే మేలని, హ్యాచరీ ఒక రాజీ అని నేను అనుకుంటాను.

హ్యాచరీల్లో పుట్టిన తాబేలు పిల్లలను జనం చేత నీటిలో వదిలించే కార్యక్రమాల మీద నా అభ్యంతరం ఇది. గూటి నుంచి బయటపడిన పిల్ల మొదటి రోజంతా ఆగకుండా ఈదడానికి కావలసిన శక్తితో పుడుతుంది. తీరానికి దగ్గరగా పొంచి ఉండే చేపలను దాటి లోతుకు చేరడానికి ఆ శక్తే ఆధారం. ముఖ్య అతిథి వచ్చేదాకా వాటిని గంటల తరబడి తొట్టెలో ఉంచితే, అవి ప్లాస్టిక్ గోడలకు రెక్కలు కొట్టుకుంటూ ఆ శక్తినంతా అక్కడే ఖర్చు చేస్తాయి. తరువాత తెల్లటి పగటిలో, నెత్తిన గద్దలు తిరుగుతుండగా, ఫొటోల కోసం చేతిలో పట్టుకుని, అలల అంచున పెడతారు. నేను ఇలాంటిది చూసి అడిగితే, జనంలో అవగాహన కోసం అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ వాటిని చీకట్లో, పొడి ఇసుక మీద వదిలి, తాకకుండా గీత అవతల నిలబెట్టి చూపించినా మీ పిల్లలకు అంతే ఆనందం కలుగుతుంది. అలా చేసే చోటు దొరికితే తప్పకుండా తీసుకెళ్లండి. చెన్నైలో 1988 నుంచి నడుస్తున్న విద్యార్థుల తాబేళ్ల సంరక్షణ బృందం సామాన్యులను రాత్రి నడకలకు తీసుకెళ్తుంది. ఎప్పుడైనా అటు వెళ్లేవారికి అది మంచి మార్గం.

నడకలో చచ్చిన తాబేళ్లు కనబడితే పిల్లలు కంగారు పడవచ్చు, ముందే చెప్పి ఉంచండి. ఈ నెలల్లో అలా కనబడేవి చాలావరకు మరపడవలు నీటిలో ఈడ్చుకెళ్లే ట్రాల్ వలల్లో చిక్కుకుని, పైకి వచ్చి గాలి పీల్చుకోలేక చనిపోయినవే. తాబేలు తప్పించుకునే దారి ఉండే వలలు ఉన్నా, పట్టిన చేపల్లో కొంత జారిపోతుందని వాటిని వాడటానికి చాలామంది ఇష్టపడరు.

గుడ్లు కనబడినా తవ్వవద్దు, ముట్టవద్దు. సముద్ర తాబేళ్లు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో ఉన్నాయి. గుడ్డు దగ్గర పెట్టుకున్నా నేరమే. చోటు గుర్తుపెట్టుకుని దగ్గరి హ్యాచరీ కాపలాదారుకో అటవీ సిబ్బందికో చెప్పండి. ఉదయం పూట దారి తప్పిన పిల్ల రోడ్డు పక్కన దొరికితే, తడి ఇసుక వేసిన బకెట్టులో నీడన ఉంచి వారికి అప్పగించండి; జాలిపడి బకెట్టులో నీళ్లు మాత్రం పోయవద్దు, అందులో ఈదుతూ అలసిపోతుంది.