చాక్ పెయింట్ మీద పూత గురించి మేనకోడలికి

అమ్మడూ,

నువ్వు పంపిన టీపాయ్ ఫోటోలు రాత్రి రెండు మూడు సార్లు జూమ్ చేసి చూశాను, నానమ్మ టేకు టీపాయ్ అలా మీగడ రంగులోకి మారుతుందని అస్సలు అనుకోలేదు, చాలా బాగా వచ్చింది. కానీ ఆదివారం దానికి వ్యాక్స్ రాసేస్తానన్నావు చూడు, అక్కడ ఒక్కసారి ఆగు. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నా, తీరిగ్గా చదువు.

చాక్ పెయింట్ ఆరాక సున్నం కొట్టిన గోడలా ఉంటుంది, మెత్తగా, మెరుపు లేకుండా, అందం అంతా అందులోనే ఉంది కానీ ఏది పడితే అది పీల్చేసుకుంటుంది. నూనె చెయ్యి తగిలినా, తడి గ్లాసు పెట్టినా మచ్చ లోపలికి దిగిపోతుంది, తుడిస్తే పోదు. అందుకే పైన ఏదో ఒక పూత ఉండి తీరాలి. ఈ రంగుని 1990లో ఇంగ్లండులో ఆనీ స్లోన్ అనే ఆవిడ తయారుచేసింది, దాని మీదకి ఆవిడ చెప్పేది ముఖ్యంగా మైనమే, అందుకే నువ్వు చూసే వీడియోల్లో అందరూ డబ్బా మూత తీసి వ్యాక్సే రాస్తుంటారు. అక్కడి చలికి, ఎవరూ ముట్టుకోని అలమారాకి అది బాగానే సరిపోతుంది. మన ఇంట్లో టీపాయ్ అంటే పొద్దున్న ఆరింటి నుంచి కాఫీ గ్లాసులు, పిల్లల కాళ్ళు, పైగా మే నెల ఎండలు. తేనె మైనం 62–65 డిగ్రీలకే కరిగిపోతుంది, అప్పుడే దించిన కాఫీ పోసిన స్టీలు గ్లాసు అడుగు అంతకంటే వేడిగానే ఉంటుంది కదా, పెట్టిన చోటల్లా గుండ్రంగా మచ్చ పడుతుంది.

కాబట్టి ఏ పూత బాగా మెరుస్తుంది, ఏది చవక అని చూడకు, ఆ వస్తువు మీద రోజూ ఏం పడుతుందో చూసుకో. నీ టీపాయ్‌కి నీళ్ళతో కలిసే రకం పాలీయురేథేన్ తీసుకో, అదీ ఒక రకం వార్నిషే, మ్యాట్‌లో అంటే మెరుపు లేనిది. డబ్బాలో పాలలా తెల్లగా కనిపిస్తుంది, కంగారు పడకు, ఆరితే ఏ రంగూ ఉండదు. నూనె రకం పాలీయురేథేన్ ఇంకా గట్టిదే, కాదనను, కానీ దానికి పసుపు తిరిగే గుణం ఉంది, ముదురు నీలానికో ఆకుపచ్చకో పర్లేదు గానీ మీగడ రంగు మీద వేస్తే కొన్నాళ్ళకి పాత పేపర్‌లా అయిపోతుంది.

డబ్బా ఊపొద్దు, బుడగలొస్తాయి. అడుగున మ్యాట్ పొడి పేరుకుని ఉంటుంది, దాన్ని కర్రతో నెమ్మదిగా కలపాలి, సరిగ్గా కలపకపోతే ఒక చోట మెరుపు ఇంకో చోట మసక వస్తుంది. పల్చగా, చెక్క నార వెంబడి ఒకే వైపుకి లాగు, ఒకసారి లాగిన చోటుకి మళ్ళీ మళ్ళీ బ్రష్ పోనివ్వకు, మొదటి పూతకి కింద రంగు కాస్త నానుతుంది, ఎక్కువ రుద్దితే రంగు బ్రష్‌కి వచ్చేస్తుంది. డబ్బా మీద రాసినంత సేపు ఆరనిచ్చి 320 నంబర్ ఎమరీ పేపర్‌తో అలా అలా తడిమినట్టు రుద్ది, పొడి తుడిచేసి రెండోది వెయ్యి. కాళ్ళకి రెండు చాలు, పైభాగానికి మూడు వెయ్యి.

ఇప్పుడు అసలు భయం చెప్తా. అది టేకు. టేకులో ముదురు రంగు రసం ఉంటుంది, నీళ్ళ పూత తగలగానే అది పైకి ఊరి తెల్ల రంగులోంచి పసుపు మచ్చల్లా తేలుతుంది. చాలామంది రంగు నకిలీదని షాపు వాడిని తిడతారు, తప్పు చెక్కది. రంగుకి ముందే లక్క పూత, అదే షెలాక్, వేసుంటే ఆ రసం ఆగిపోయేది, వేశావో లేదో నువ్వు చెప్పలేదు. వెయ్యకపోతే ముందు టీపాయ్ అడుగున, ఎవరికీ కనపడని చోట అరచేతి మేర పూత వేసి రెండు రోజులు చూడు. పసుపు తేలితే మైనం తీసేసిన షెలాక్ అని అమ్ముతారు, అది తెచ్చి మొత్తానికి ఒక పూత వేసి, దాని మీద మళ్ళీ చాక్ పెయింట్ ఒక కోటు వేసుకుని అప్పుడు పాలీ, అదే పాలీయురేథేన్. మైనం ఉన్న మామూలు లక్క తెచ్చావా, పాలీ దానికి సరిగ్గా పట్టదు. షెలాక్‌నే ఆఖరి పూతగా వదిలెయ్యకు, వేడికి మెత్తబడుతుంది, తడికి తెల్లబారుతుంది.

వ్యాక్స్ మీద నాకు కోపం లేదు. చేతికి అంత హాయిగా ఇంకేదీ ఉండదు, అద్దం ఫ్రేముకీ, గోడకి పెట్టే బొమ్మలకీ నేనూ అదే రాస్తా. గుడ్డతో చాలా పల్చగా రాసి మర్నాడు మెత్తటి బట్టతో మెరుగుపెట్టాలి, పూర్తిగా గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, అరిగిన కొద్దీ మళ్ళీ రాసుకోవాలి. కానీ ఒకసారి వ్యాక్స్ పట్టిందంటే దాని మీద వార్నిష్ నిలబడదు. నేను కాకినాడలో వంటింటి పక్క చిన్న బీరువాకి వ్యాక్స్ రాసి, వానాకాలం గోడ చెమ్మకి వెనకంతా బూజు పట్టేస్తే, తుడిచేసి పైన వార్నిష్ కొట్టా. నెల తిరక్కుండా పాము కుబుసంలా లేచిపోయింది. టర్పెంటైన్‌తో మైనమంతా తుడిచి, గీకి, మళ్ళీ రంగు నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది, అప్పుడు పడ్డ ఏడుపు నీకొద్దనే ఇదంతా.

రిటర్న్ గిఫ్టులకని చేస్తున్న దీపం స్టాండ్లకి కూడా వ్యాక్స్ వద్దు, దీపం వేడికి కరుగుతుంది, ఒలికిన నూనె మచ్చ కడుతుంది. నీళ్ళ పాలీనే రెండు పూతలు వేసి, ప్రమిద కింద చిన్న ఇత్తడి పళ్ళెం పెట్టి ఇవ్వు, అలాగే మంట చెక్కకి దూరంగా ఉండేలా చూసుకో. గాజు సీసాలకి డెకూపాజ్ చేస్తున్నావు కదా, కాగితం బొమ్మలు కత్తిరించి జిగురుతో అతికించడం, ఆ జిగురే పై పూత అనుకుని వదిలేస్తే ఉక్కపోతకి వేలికి అంటుకుంటూనే ఉంటుంది, పైన క్లియర్ యాక్రిలిక్ స్ప్రే కొట్టు, బాల్కనీలో మాస్క్ పెట్టుకుని, ఒకేసారి తడిసేలా కాకుండా మూడు నాలుగు సార్లు పల్చగా. తినే గిన్నెల లోపల మాత్రం రంగూ వద్దు, పూతా వద్దు.

ఇంకోటి, ఎప్పుడైనా లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) లాంటిది వాడితే ఆ గుడ్డలు ఉండచుట్టి చెత్తబుట్టలో పడెయ్యకు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. బయట పరిచి ఆరెయ్, లేదా నీళ్ళలో తడిపి పారెయ్.

ఈ ముసురు తగ్గేదాకా మాత్రం డబ్బా మూత తియ్యకు. గాలిలో తేమ ఉంటే పూత ఆరదు, మసకబారుతుంది. రెండు రోజులు పొడిగా ఉన్నాక పొద్దున్నే మొదలుపెట్టు, ఫ్యాన్ నేరుగా పెట్టొద్దు, దుమ్ము వచ్చి అతుక్కుంటుంది. అయ్యాక మర్నాటికి ముట్టుకోవచ్చు గానీ మూడు వారాలదాకా దాని మీద గుడ్డ పరచడం, పేపర్ పెట్టడం, పూలకుండీ పెట్టడం చెయ్యకు, మీ ఆయనకి కూడా గట్టిగా చెప్పు.

అడుగున వేసిన అరచేతి మచ్చ రెండు రోజుల తర్వాత పగటి వెలుతురులో ఫోటో తీసి పంపు. పసుపు తేలిందో లేదో చూసి చెప్తా, అప్పటిదాకా పైభాగం జోలికి వెళ్ళకు.

మీ అత్త