కళ్లు అటూ ఇటూ తిప్పితే మనసులోని భయం పోతుందా?

రోడ్డు ప్రమాదం తరువాత బండి ఎక్కాలంటేనే వణుకుతున్న మీ తమ్ముడికి విశాఖపట్నంలో ఈఎండీఆర్ అనే, కళ్ల కదలికల సాయంతో చేదు జ్ఞాపకాల బాధను తగ్గించే మానసిక చికిత్సను సూచించారనీ, వేలు ఆడించి కళ్లు తిప్పించడం మీకు కనికట్టులా తోస్తోందనీ, అది నిజంగా పనిచేస్తుందా అనీ అడిగారు. పనిచేస్తుంది. కంచిలి దగ్గరి ఉద్దానం పల్లెవాడిగా, ఆ కుర్చీలో కూర్చుని వచ్చినవాడిగా చెబుతున్నాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటుతున్నప్పుడు నేను మా ఇంటి వీధి తలుపును భుజంతో అదిమిపట్టి నిలబడి ఉన్నాను. పెరట్లోని కొబ్బరిచెట్టు ఆవులసాల మీద కూలింది. “ఒరే పెద్దోడా, పలుపు ఇప్పీరా!” అని నాన్న అరిచారు. నేను కదలలేదు. తెల్లవారేసరికి ఆవు లేదు.

ఆ తరువాత రెండేళ్లపాటు, కొబ్బరిమట్టలు ఒకదానికొకటి రాసుకున్న చప్పుడు వినబడితే చాలు, ఊపిరాడక, పరుగున పోయి తలుపు గడియ పట్టుకునేవాడిని. ఊరివారు గాలి సోకిందన్నారు; ఆలోచిస్తే ఆ మాటలో అబద్ధమేమీ లేదు. అమ్మ తాయెత్తు కట్టించింది. నష్టం రాసుకోవడానికి వచ్చినవారు మా పెరట్లో కూలిన చెట్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు గాని, ఇంట్లో ఎవరికైనా నిద్ర పడుతోందా అని అడగలేదు. ఆ కోపం నాకింకా తీరలేదు.

చివరికి ఈ చికిత్సకే వెళితే, మొదటి రెండు సార్లు చికిత్స చేసే మేడమ్ గారు వేలు ఎత్తనేలేదు. నా సంగతులన్నీ అడిగి తెలుసుకుని, భయం పెరిగినప్పుడు మనసు తిరిగి చేరుకోవడానికి ఒక నెమ్మదైన చోటును తలచుకోమన్నారు. చిన్ననాడు జీడితోటలో ఎండుటాకుల మీద పడుకున్న ఒక మధ్యాహ్నాన్ని ఎంచుకున్నాను. మూడోసారి, అన్నిటికన్నా బాధించే దృశ్యమేదో, అది నా గురించి నాకు ఏమని చెబుతోందో అడిగారు. చెట్టు కూలడమే ఆ దృశ్యమని అంతవరకు అనుకున్నాను. తీరా నోట వచ్చింది నాన్న కేక. “నేను పిరికివాడిని” అన్నాను. 0 నుంచి 10 వరకు బాధ ఎంత అంటే 9 అన్నాను. అప్పుడు రెండు వేళ్లను నా ముఖం ముందు అటూ ఇటూ ఆడిస్తూ, తల కదపకుండా కళ్లతోనే అనుసరించమన్నారు. సుమారు అర నిమిషానికి ఒకసారి ఆపి, ఏమి తోచిందని మాత్రమే అడిగేవారు. నాలుగైదు విడతల తరువాత, నేను తలచుకోకుండానే, నా వెనుక గోడకు ఆనుకుని కూర్చున్న పిల్లలిద్దరూ కనిపించారు. తలుపు వదిలి ఉంటే గాలి లోపలికి చొరబడి ఇంటికప్పు ఎగిరిపోయేదని రెండేళ్లలో మొదటిసారి గుర్తుకొచ్చింది. ఆ సాయంత్రం రైలులో ఎంతగా నిద్రపోయానంటే, సోంపేటలో దిగవలసినవాడిని ఇచ్ఛాపురంలో లేచాను. మరి మూడు వారాలకు ఆ 9 కాస్తా 1కి దిగింది. ఆ కేక ఇప్పటికీ గుర్తుంది, కాని నన్ను గడియ దగ్గరికి పరుగెత్తించదు.

ఇది నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. అమెరికా మనస్తత్వవేత్త ఫ్రాన్సీన్ షపీరో 1987లో ఒక ఉద్యానవనంలో నడుస్తూ, కళ్లు అటూ ఇటూ కదులుతున్నప్పుడు తనను బాధిస్తున్న ఆలోచనల తీవ్రత తగ్గుతోందని గమనించి, 1989లో తొలి అధ్యయనాన్ని ప్రచురించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో పెద్దలకూ పిల్లలకూ దీనిని సిఫారసు చేసింది. జ్ఞాపకాన్ని పట్టుకుంటూనే వేలిని కూడా అనుసరించవలసి రావడం వల్ల మనసుకు రెండు పనులు పడి, ఆ దృశ్యం పదును తగ్గుతుందని ఒక వివరణ. కళ్ల కదలిక అసలు అవసరమా అన్న వాదం పండితులలో ఇంకా ఉంది. కొందరు మోకాళ్ల మీద మార్చి మార్చి తట్టి కూడా చేస్తారు. నన్నడిగితే కళ్ల పని సగమే. తీర్పు చెప్పని మనిషి ఎదుట ఆ కేకను మళ్లీ వినగలగడమే మిగతా సగం.

అందుకే ఫోనులో కదిలే చుక్కను చూపించి గాయం మానుతుందని చెప్పే వీడియోలంటే నాకు మంట. పుండును కెలికి వదిలేసే పని అది. మీ తమ్ముడిని తప్పక పంపండి. చేసేవారు ఇందులో శిక్షణ పొందారో లేదో మొహమాటం లేకుండా అడగండి. మొదటి రోజే, ఏమీ అడగకుండా వేలు ఆడిస్తే లేచి వచ్చేయమనండి. చికిత్స జరిగిన రెండు మూడు రోజులు పీడకలలు ఎక్కువ కావచ్చు, అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు తోడుండాలి. ఈలోగా రాత్రివేళ తట్టుకోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ వారి 14416కు ఫోన్ చేయవచ్చు. ఆ నంబరుకు ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.