సబ్సిడీని నమ్ముకుని యూనిట్ పెట్టొచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. పన్నెండేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. ఆరేళ్లుగా ఇంట్లోనే పచ్చళ్లు, కందిపొడి, కరివేపాకు కారం చేసి అమ్ముతున్నాను. చుట్టుపక్కల అపార్టుమెంట్లతో పాటు హైదరాబాద్‌కూ కొరియర్‌లో పంపుతాను. నెలకు 1,20,000 అమ్మకం, సరుకు ఖర్చు పోను 42,000 మిగులుతుంది. 25,000 అద్దెకు షెడ్డు చూశాను. 14 లక్షల మెషీన్లతో యూనిట్ పెట్టాలని ఉంది. ఒక కన్సల్టెంటు 35 శాతం సబ్సిడీ ఇప్పిస్తానని లక్ష రూపాయలు అడుగుతున్నాడు. కొత్త వ్యాపారమని, పల్లెటూరి అడ్రస్ అని చూపించాలట. హిందూపురంలో అత్తగారి స్థలం ఉంది, ఆంధ్రలో అయితే రాయితీలు ఎక్కువని మావారంటారు. పాప ఇంజనీరింగ్ కోసం దాచిన 9 లక్షల ఎఫ్‌డీ తీయొచ్చా? ఒక సూపర్ మార్కెట్ నుంచి నాలుగు నెలలుగా 1,60,000 రావాలి. అది రాబట్టేదెలా?

జవాబు: ముందు కన్సల్టెంటు సంగతి తేల్చేద్దాం. అతనికి పైసా ఇవ్వకండి. అతను చెబుతున్నది పీఎంఈజీపీ గురించి అయి ఉంటుంది, చిన్న యూనిట్లకు బ్యాంకు రుణంతో పాటు సబ్సిడీ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం అది. అందులో మహిళలకు పట్టణాల్లో 25 శాతం, గ్రామాల్లో 35 శాతం సబ్సిడీ ఉన్న మాట నిజమే. కానీ అది కొత్తగా పెట్టే యూనిట్లకే. ఆరేళ్ల వ్యాపారాన్ని నిన్న పుట్టినట్టు చూపించి, ఎక్కడో సర్జాపురం అవతల ఒక గది అడ్రస్ రాస్తే కాగితం మీద ఇంకో 10 శాతం కలుస్తుంది. తనిఖీకి వచ్చినవాళ్లకు అక్కడ తాళం కనిపించిందంటే సబ్సిడీ వెనక్కి పోతుంది, అప్పు మాత్రం మీ నెత్తినే ఉంటుంది. అప్పటికి కన్సల్టెంటు ఫోన్ ఎత్తడు.

మీకు సరిపోయేది వేరే ఉంది. చిన్న ఆహార యూనిట్ల కోసం 2020లో కేంద్రం తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం. ఇప్పటికే నడుస్తున్న వ్యాపారాన్ని పెంచుకోవడానికీ ఇస్తారు కాబట్టి అబద్ధం ఆడే పనిలేదు. మెషీన్ల ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు. కర్ణాటక ప్రభుత్వం తన వంతుగా మరో 15 శాతం కలిపి మొత్తం 50 శాతం, 15 లక్షల దాకా చేసింది. ఇక్కడ దీన్ని చూసే ప్రభుత్వ సంస్థ కెప్పెక్. దరఖాస్తు నింపిపెట్టడానికి జిల్లాకు రిసోర్స్ పర్సన్లను పెట్టారు, వాళ్లకు మీరు ఫీజు ఇవ్వక్కర్లేదు. గడువు పొడిగిస్తూ వచ్చిన పథకం ఇది. ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో కనుక్కున్నాకే మిగతా పని మొదలుపెట్టండి.

సగం డబ్బు ప్రభుత్వమే ఇస్తుందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. అయితే ఆ డబ్బు మీ చేతికి రాదు. బ్యాంకు ముందు మీకు రుణం ఇస్తుంది. సబ్సిడీ బ్యాంకులోనే విడిగా ఉంటుంది. రుణం చివరి విడత ఇచ్చిన మూడేళ్ల తరువాత కూడా యూనిట్ నడుస్తూ, కిస్తీలు సక్రమంగా కడుతూ ఉంటేనే మీకు జమ అవుతుంది. అందుకే నా దగ్గరికి ఇలాంటి ప్రాజెక్టు రిపోర్టు ఎవరు తెచ్చినా సబ్సిడీ గడిలో సున్నా వేసి మళ్లీ లెక్క కట్టమంటాను.

మీ లెక్కా అలాగే చూద్దాం. 14 లక్షల్లో మీ వాటా 10 శాతం, అంటే 1,40,000. మిగతా 12,60,000 రుణం. 11 శాతం వడ్డీ, ఏడేళ్ల గడువు అనుకుంటే కిస్తీ నెలకు 21,600 దగ్గర పడుతుంది. (బ్యాంకును బట్టి వడ్డీ మారుతుంది. జాగ్రత్త కోసం రుణం మొత్తం మీదా వడ్డీ వేశాను.) షెడ్డు అద్దె 25,000. ఇద్దరు సహాయకులకు 30,000, బెస్కాం కరెంటు బిల్లు 8,000 అనుకుందాం. మొత్తం 84,600. ప్రస్తుతం మీకు వంద రూపాయల అమ్మకానికి 35 రూపాయలు మిగులుతున్నాయి. ఆ లెక్కన ఈ ఖర్చులు రావడానికే నెలకు 2,42,000 అమ్మాలి. అంటే అమ్మకం రెట్టింపు చేసినా మీకు దక్కేది సున్నా. ఇవాళ మిగులుతున్న 42,000 మళ్లీ మీ చేతికి రావాలంటే 3,62,000 అమ్మాలి, ఇప్పటికి మూడింతలు! ఇదంతా సబ్సిడీ జమయ్యే లోపు 36 నెలలు ఈదాలి. ఆ తరువాత మాత్రం నిజంగా ఊరటే: అప్పటికి ఉండే 8,35,000 బాకీలో 7 లక్షలు సబ్సిడీతో తీరిపోతాయి.

ఇంకో ఖర్చు రిపోర్టులో రాయరు. కొత్త ఎండుమిర్చి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు యశవంతపుర మార్కెట్ యార్డులో కొని పెట్టుకుంటే ఏడాదంతా గిట్టుబాటు. ఆ వెంటనే ఆవకాయ కాయ. నువ్వులనూనె డబ్బాలు, చింతపండు సరేసరి. సరుకు కోసం కావలసిన ఈ పెట్టుబడికి సబ్సిడీ వర్తించదు. చాలా యూనిట్లు మూతపడేది ఇక్కడే, మెషీన్ల దగ్గర కాదు.

ఇక హిందూపురం. మీవారు అన్నది పూర్తిగా కొట్టిపారేసే మాట కాదు. కర్ణాటక పారిశ్రామిక విధానంలో బెంగళూరు అర్బన్, రూరల్ జిల్లాలు మూడో జోన్‌లో ఉన్నాయి. పెట్టుబడి రాయితీలు ఎక్కువగా మొదటి రెండు జోన్లకే. ఊరు నిండిపోయింది, కాస్త దూరం వెళ్లండి అని ప్రభుత్వం చెప్పే పద్ధతి అది. అటు ఆంధ్ర ప్రభుత్వం పిలుస్తున్న మాటా నిజం. 2025లో విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసలకే కేటాయించింది. ఆ వార్త చదివి మనకూ ఏదో వస్తుందనుకోవడం సహజం. కానీ పెద్ద కంపెనీ గుమ్మంలోకి ప్రభుత్వమే వస్తుంది, పచ్చళ్ల యూనిట్ ఫైలు పట్టుకుని ప్రభుత్వం గుమ్మంలోకి వెళ్లాలి. మీ విషయంలో రాయితీ కన్నా అద్దె లేకపోవడమే పెద్ద లాభం. మూడేళ్లకు 9 లక్షలు మిగులుతుంది, కర్ణాటక అదనంగా ఇచ్చే 15 శాతం అంతా కలిపినా 2,10,000 మాత్రమే. అందులోంచి షెడ్డు కట్టే ఖర్చు, వంద కిలోమీటర్ల రవాణా తీసేసి చూడండి. అసలు ప్రశ్న, రోజూ పొద్దున్నే అక్కడ తాళం తీసేదెవరు? అత్తగారింట్లో బాధ్యత తీసుకునే మనిషి ఉంటే హిందూపురం సరే. మీరే వారానికి రెండుసార్లు వెళ్లి చూసుకోవాలంటే వద్దు.

రాష్ట్రం దాటి సరుకు అమ్మితే, అమ్మకం 40 లక్షల లోపున్నా జీఎస్టీ నమోదు తప్పనిసరి. అక్కడ తయారుచేసి ఇక్కడ అమ్మినా అంతే. మీ హైదరాబాద్ కొరియర్లకూ ఇది ఇప్పటికే వర్తిస్తుంది, ఈ నెలలోనే ఆడిటర్‌ను కలవండి.

ఎఫ్‌డీ తీయొద్దు. మీ వాటా 1,40,000, షెడ్డు అడ్వాన్సు ఆరు నెలల అద్దె చొప్పున 1,50,000, మూడు నెలల ఖర్చుకు చేతిలో 2,50,000 పెట్టుకోవాలి. మొత్తం 5,40,000. పాప చదువు డబ్బులో సగానికి పైగా! నేనైతే ఈ ఏడాది 14 లక్షల యూనిట్ జోలికి వెళ్లను. పొడులు మరలో పట్టించుకుంటూ, చిన్న గదిలో ఒక సీలింగ్ మెషీన్, ఒక సహాయకురాలితో అమ్మకం 2,00,000 దాటించండి. అది ఆరు నెలలు నిలబడితే బ్యాంకుకు వెళ్లొచ్చు. చిన్న యూనిట్ల రుణానికి ఒక పరిమితి దాకా తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నియమం ఉంది, ఆ పరిమితి ఇప్పుడెంతో బ్యాంకులో కనుక్కోండి. మిర్చి సీజన్‌లో డబ్బు అవసరమైతే ఎఫ్‌డీ మీద లక్షన్నర వరకు ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోండి, దీపావళి లోపు తీర్చేయండి.

ఈ లోపు కాగితాలు చేయించుకోండి. బెంగళూరు అర్బన్ జిల్లా పరిశ్రమల కేంద్రానికి ఒకసారి వెళ్లండి. దేశమంతా 1978 నుంచి ఉన్న ఈ కేంద్రాల్ని సబ్సిడీ ఆఫీసులనే అందరూ అనుకుంటారు గానీ శిక్షణ, అనుమతులు, బ్యాంకుకు సిఫారసు కూడా అక్కడి పనే. బెంగళూరు మొత్తానికీ ఉన్న నగర పాలక సంస్థ బీబీఎంపీ పోయి ఐదు నగర పాలికెలు వచ్చాయి కాబట్టి మారతహళ్లివాళ్లకు ట్రేడ్ లైసెన్సు బెంగళూరు తూర్పు పాలికెలో. చిన్న పరిశ్రమగా కేంద్రం గుర్తింపు ఇచ్చే ఉద్యం నమోదు ఆన్‌లైన్‌లో, పూర్తిగా ఉచితం.

సూపర్ మార్కెట్ బాకీకి పనికొచ్చేదీ ఈ ఉద్యం నంబరే. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజుల లోపు మీకు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే ‘బ్యాంకు రేటు’కు మూడింతలు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదు తీసుకోవడానికి ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది. గడువు దాటిన బాకీని మార్చి 31 లోపు కూడా చెల్లించకపోతే ఆ కొనుగోలు ఖర్చును అదే ఏడాది పన్ను లెక్కల్లో చూపుకునే వీలు వాళ్లకూ ఉండదు, కాబట్టి మార్చి దగ్గర పడేసరికి వాళ్ల ఆడిటరే తొందరపెడతాడు. అయితే సరుకు పంపేనాటికే మీకు ఉద్యం నమోదు ఉండాలి. మీకు ఉందో లేదో రాయలేదు. ఉంటే బిల్లులు, డెలివరీ చలాన్లు జతచేసి ఈ వారమే నోటీసు పంపండి. లేకపోతే పాత బాకీని మాట్లాడి విడతలుగా రాబట్టుకోవాల్సిందే. ఏదైనా సరే, అది తేలేదాకా ఆ షాపుకు ఒక్క సీసా కూడా అప్పు మీద పంపకండి.