తేయాకు తోటలో మచ్చ తెగులు: మందు కొట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ఆకుల మీద మచ్చలు చూసి కంగారుపడ్డావని నీ ఉత్తరంలోనే తెలుస్తోంది. ఏ మందు కొట్టాలని అడిగావు. నేను ముందు ఎప్పుడు కొట్టాలో చెబుతాను.

మచ్చ పడిన ఆకును ఏ మందూ బాగుచేయదు. మందు కాపాడేది రాబోయే చిగురునే. ఒక ముదురాకు కోసి వెలుగుకు పట్టి చూడు. మచ్చ నడుమ బూడిద రంగుకు తిరిగి, నల్లటి చుక్కలు వలయాలుగా వరుసకట్టాయా? అయితే అది గ్రే బ్లైట్, శిలీంధ్రం వల్ల వచ్చే బూడిద మచ్చ తెగులు. ఆ చుక్కల్లోనే శిలీంధ్ర బీజాలుంటాయి, వాన చినుకులతో చింది పక్క ఆకులకు పాకుతాయి. ఈ శిలీంధ్రానికి గాయమే దారి. కోతలో తెగిన కాడ, యంత్రం చీల్చిన ఆకు చాలు దానికి. అందుకే కోత కాగానే, ఆ ఒకటి రెండు రోజుల్లోనే పిచికారీ చెయ్యి. గాయాలకు కాపుదల దొరుకుతుంది, మళ్లీ కోతకు కావలసినంత గడువూ మిగులుతుంది.

ఆ గడువు మాత్రం తప్పకు బాబూ. కూరగాయనైతే కడిగి వండుకుంటారు. తేయాకును కడగరు, కోసింది కోసినట్టే వాడబెడతారు, చివరికి వేడినీళ్లలో వేసి ఆ నీళ్లే తాగుతారు. తేయాకు మీద వాడొచ్చని లేబుల్‌పై ఉన్న మందే కొను. మోతాదు, కోతకు ఆగాల్సిన రోజులు కూడా అందులో ఉన్నట్టే పాటించు.

కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు ఆకుపైనే పొరలా నిలుస్తుంది, తెగులు రాకముందే పడాలి. హెక్సాకోనజోల్, ప్రోపికోనజోల్ లాంటివి ఆకులోకి దిగి పనిచేస్తాయి. బాగా పనిచేసిందని ఒకదాన్నే పట్టుకోకు. నేనొకప్పుడు కార్బెండజిమ్‌నే వరసగా కొట్టాను, చివరికి తెగులు దానికి లొంగడం మానేసింది. పేరు మారిస్తే చాలదు, గ్రూపు, అంటే మందు తెగులుపై పనిచేసే తీరు, మారాలి. హెక్సాకోనజోల్ తర్వాత ప్రోపికోనజోల్ కొడితే మార్చినట్టు కాదు, రెండూ ఒకే గ్రూపువి.

నారింజ రంగులో నూగుగా పొక్కుల్లా ఉంటే మాత్రం అది ఎర్ర తుప్పు. అది శిలీంధ్రం కాదు, నాచు జాతిది. దానికి రాగి మందే దారి.

పొద కింద తడి ఆరనివ్వు, నీళ్లు నిలిచే చోట కాలువ తియ్యి. చేతి తొడుగులు, ముఖానికి మాస్కు లేకుండా ఎవరినీ మందు కొట్టనివ్వకు.

మచ్చలున్న ఆకులు నాలుగు కాగితంలో చుట్టి పంపు, లెన్సు పెట్టి చూసి చెబుతాను. అప్పటిదాకా డబ్బా మూత తియ్యకు.

నీ మేలు కోరే,
పెదనాన్న