సాబ్వా చేపలు కొనే ముందు

అమ్మలూ,

సాబ్వాలు పెంచుతానని రాశావు, సంతోషం. ముందు తొట్టె పెట్టి, మొక్కలు నాటి, నెల రోజులు ఫిల్టర్ నడవనివ్వు. చేపలు ఆ తర్వాతే.

ఈ చేప సహజంగా ఉండేది మయన్మార్ షాన్ రాష్ట్రంలోని ఇన్లే సరస్సు పరిసరాల్లోనే. దాదాపు 900 మీటర్ల ఎత్తు, చుట్టూ సున్నపురాతి కొండలు. అందుకే అక్కడి నీళ్ళు చల్లగా, తేటగా, కఠినంగా ఉంటాయి. షాపుల్లో దీన్ని ఏషియన్ రమ్మీనోస్ అంటారు. దాంతో చాలామంది మెత్తటి, కాస్త ఆమ్లపు నీళ్ళు కావాల్సిన దక్షిణ అమెరికా రమ్మీనోస్ టెట్రా చేపకి పెట్టినట్టే ఆర్‌ఓ నీళ్ళు, బాదం ఆకులు పెడతారు. ఆ పని చెయ్యకు. పీహెచ్ 7కి పైనే ఉండాలి. గీజర్‌లో తెల్లగా గార పట్టించే మీ బోరు నీళ్ళే దీనికి నయం. టెస్ట్ కిట్‌తో ఓసారి చూసుకో.

అసలు టెన్షన్ ఎండాకాలంలో. దీనికి 21 నుంచి 25 డిగ్రీలు హాయి. హైదరాబాద్ మే నెలలో చిన్న తొట్టె ఇట్టే వేడెక్కుతుంది, కాబట్టి పెద్దదే తీసుకుని నీటి మీదికి ఫ్యాన్ పెట్టు. అంత ఓపిక లేదంటే వేరే చేప చూసుకో, నేనేమీ అనుకోను. ఇంకోటి, దీనికి పొలుసులుండవు. జబ్బు చేసిందని మందులు, ఉప్పు ఎడాపెడా వెయ్యకు.

కొనేటప్పుడు ఫామ్‌లో పుట్టినవేనా అని గట్టిగా అడుగు. సరస్సులో పట్టినవైతే వదిలెయ్. అంతరించే ప్రమాదమున్న చేపల జాబితాలో ఉందిది. అందరూ మూతి, తోక కొసలు ఎర్రగా ఉండే మగవాటినే ఏరుకుంటారు. మట్టిరంగు ఆడవాటిని ఎవరూ చూడరు. నువ్వు పది పన్నెండు తీసుకో, సగానికి పైగా ఆడవే ఉండాలి. జావా మాస్ అనే నాచులో గుడ్లు పెడతాయి, పెట్టినవాటిని అవే తినేస్తాయి. నాచుని వేరే టబ్బులోకి మార్చు. పిల్లలు కంటికి ఆనవు, మొదట్లో ఇన్ఫ్యూసోరియానే, అంటే నీళ్ళలోని సూక్ష్మజీవులే వాటికి తిండి.

మన తొట్టెలో పిల్లలు పుడితే ఇన్లే బాగుపడుతుందనుకోకు. అక్కడ తేలే తోటల్లో టమాటాలకి కొట్టే పురుగుమందులు, కొండల నుంచి కొట్టుకొచ్చే మట్టి, బయటి నుంచి తెచ్చి వదిలిన చేపలు, ఇవన్నీ వేరే గొడవ. వల వెయ్యడానికి ఒక కారణం తగ్గుతుంది, అంతే.

పిల్లలు ఎక్కువైతే చెరువులో వదలకు. నాకో డజను తీసిపెట్టు, మగవే ఏరి ఇస్తే ఊరుకోను.

ఆశీస్సులతో,
మావయ్య