పచ్చ పావురాలు రెండూ ఒకటేనా?

ప్రశ్న: మారేడుమిల్లి దారిలో ఒక జువ్వి చెట్టు మీద రెండు రకాల పచ్చ పావురాలు చూశాను. ఒకటి చిన్నది, కాళ్లు పసుపు. రెండోది బాగా పెద్దది, తలా పొట్టా బూడిద రంగు. ఇవి ఆడామగా? రెండూ విత్తనాలు చల్లి అడవిని పెంచుతాయా? వీటికోసం చేనిగట్టున ఏం నాటాలి?
– పాఠకురాలు, రంపచోడవరం

జవాబు: ఆడామగా కాదండీ, జాతులే వేరు. ఈ రెంటిలోనూ ఆడకీ మగకీ రంగులో పెద్ద తేడా ఉండదు. చిన్నది పసుపు కాళ్ల పచ్చ పావురం, సుమారు 33 సెం.మీ. మహారాష్ట్ర రాష్ట్ర పక్షి ‘హరియల్’ ఇదే. ఊళ్లో రావిచెట్టు మీదా వాలుతుంది. పెద్దది గ్రీన్ ఇంపీరియల్ పిజియన్, 45 సెం.మీ. దాకా ఉంటుంది. దీనికి తేమ అడవి కావాలి.

కాళ్ల రంగొక్కటే నమ్ముకుంటే పొరపడతారు. ఇంపీరియల్ కాళ్లు ఎరుపు, కానీ మన తూర్పు కనుమల్లోనూ తిరిగే నారింజ రొమ్ము పచ్చ పావురం కాళ్లూ ఎరుపే. చెట్టు కింద నిలబడి తోక అడుగున, మొదట్లో చూడండి. ఇంపీరియల్‌కు అక్కడ ముదురు ఎర్ర గోధుమ రంగుంటుంది. ఎండ మీ వీపున పడాలి. ఎదురెండలో అన్నీ నల్లగానే కనిపిస్తాయి. గొంతూ పట్టిస్తుంది: హరియల్‌ది మెలికలు తిరిగే ఈల, ఇంపీరియల్‌ది కుండలో ఊదినట్టు బొంగురు మూలుగు.

అసలు తేడా కందనకాయలో ఉంది. హరియల్ కందనకాయ మందం. మింగిన ఇసుకరేణువులతో ఆవగింజలో సగముండే జువ్వి గింజల్ని కూడా చాలావరకు నూరేస్తుంది. ఇంపీరియల్‌ది పలచన. పెద్ద పండును నోరు సాగదీసి గుటుక్కున మింగి, గుజ్జు అరిగించుకుని గింజను చెక్కుచెదరకుండా వదిలేస్తుంది. రెట్టను పలచని గుడ్డలో వేసి నీళ్లతో కడిగితే మీకే తెలుస్తుంది. అడవి చల్లేది ముఖ్యంగా ఈ పెద్దదే. అది పెట్టేది సాధారణంగా విడతకు ఒక్క గుడ్డు, అందుకే గులేరుతో ఒక్కదాన్ని కొట్టినా ఆ లోటు పూడటానికి చాలాకాలం పడుతుంది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం కూడా.

చేనిగట్టుకు జువ్వి, మేడి, నేరేడు మంచివి. నేరేడు గింజ త్వరగా చచ్చిపోతుంది, గుజ్జు కడిగి రెండుమూడు రోజుల్లోనే నాటాలి. జువ్వి గింజల్ని జల్లించిన ఇటుకపొడి మీద చల్లి వదిలేయండి, పైన మట్టి కప్పితే వెలుతురందక మొలవవు. పైనుంచి నీళ్లు పోస్తే కొట్టుకుపోతాయి. కుండీని నీళ్ల పళ్లెంలో పెట్టండి, తడి కిందినుంచే పైకెక్కుతుంది.