నాన్న గురించి పాప అడిగేదాకా ఆగకండి

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటున్నాను. నేనూ స్త్రీనే, నా భార్య అమెరికన్. మా పాపకు నాలుగేళ్లు. స్పెర్మ్ బ్యాంకు డోనర్ ద్వారా నా భార్య కన్నది. పాపకు 18 ఏళ్లు నిండాక డోనర్ వివరాలు అడిగి తీసుకోవచ్చు. తండ్రి లేని లోటు పిల్ల మీద పడుతుందేమోనని నా భయం. సంక్రాంతికి పాపను తీసుకుని భీమవరం వెళ్తున్నాను, నా భార్యకు సెలవు దొరకలేదు. "వాళ్ల నాన్నకు సెలవు దొరకలేదని అందరికీ చెబుదాం, పిల్లకు పెద్దయ్యాక చెప్పుకోవచ్చు" అంటోంది అమ్మ. ఎలాగూ మన రక్తం కాదు కదా అని ఓ మాట కూడా అనేసింది. ఏం చేయాలి?

జవాబు: ముందు మీ భయం సంగతి చూద్దాం. డోనర్ ద్వారా పుట్టి, లెస్బియన్ తల్లుల దగ్గర పెరిగిన పిల్లలను అమెరికాలో 1986లో మొదలైన ఒక అధ్యయనం పుట్టకముందు నుంచీ గమనిస్తూ వచ్చింది. మానసిక వైద్యురాలు నానెట్ గార్ట్రెల్ దాన్ని ప్రారంభించారు. 17 ఏళ్ల వయసులో 78 మందిని అదే ఈడు పిల్లలతో పోల్చిచూస్తే చదువులో, నలుగురితో మెలగడంలో మెరుగ్గానే ఉన్నారు. దుడుకుతనం, నియమాలు మీరడం తక్కువ. ఈ ఫలితాలు 2010లో వచ్చాయి. 25 ఏళ్లప్పుడు మళ్లీ చూశారు, మానసిక ఆరోగ్యంలో మిగతావారితో చెప్పుకోదగ్గ తేడా లేదు. డోనర్ ఎవరో తెలిసినా తెలియకపోయినా ఫలితం మారలేదు. ఆ తల్లులు చాలావరకు చదువుకున్న తెల్లవాళ్లు, తామే ముందుకొచ్చి చేరినవాళ్లు. కాబట్టి ఆ అంకెలను ప్రతి ఇంటికీ అలాగే అతికించలేం. అయినా మీ భయానికి అందులో ఆధారం దొరకదు.

పిల్లలకు దెబ్బ తగిలేది వేరే చోట. ఇద్దరు అమ్మలని బళ్లో ఎగతాళికి గురైన పిల్లల్లో ఆందోళన, ప్రవర్తన సమస్యలు ఎక్కువగా కనిపించాయి. ఇలాంటి కుటుంబాల గురించి పాఠాల్లో మాట్లాడే బడి, తమలాంటి కుటుంబాలతో తల్లుల రాకపోకలు, ఈ రెండూ ఆ దెబ్బను బాగా తగ్గించాయి. అందుకే పాపను బళ్లో చేర్చే రోజే టీచరుతో మాట్లాడండి. ఫారంలో 'తండ్రి' అన్నచోట మీ పేరు రాయండి. ఫాదర్స్ డేకి క్లాసులో ఏం చేయిస్తారో ముందే కనుక్కోండి.

ఇక చెప్పడం. పెద్దయ్యాక చెప్పడమన్నదే అసలు పొరపాటు. డోనర్ లేదా సరొగసీ ద్వారా పుట్టిన పిల్లలను కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు సూసన్ గోలంబాక్ బృందం 20 ఏళ్ల దాకా గమనించింది. ఏడేళ్లలోపే తెలిసినవారికి తల్లితో గొడవలు తక్కువ. చిన్నప్పుడే విన్నది పిల్లకు మామూలు సంగతిలా ఉండిపోతుంది. పదిహేనేళ్లప్పుడు తెలిస్తే డోనర్ సంగతి కన్నా, ఇన్నాళ్లూ దాచారన్నదే గుచ్చుకుంటుంది. పైగా డీఎన్ఏ పరీక్షలు వచ్చాక దాచడం మీ చేతుల్లో కూడా లేదు.

నాలుగేళ్ల పిల్లకు ఈ రెండు ముక్కలు చాలు: "పాప పుట్టాలంటే ఆడవాళ్ల నుంచి ఒక కణం, మగవాళ్ల నుంచి ఒక కణం కావాలి. మా ఇద్దరి దగ్గరా రెండోది లేదు, ఒకాయన ఇచ్చాడు, నువ్వు మమ్మీ కడుపులో పెరిగావు." స్నానం చేయించేటప్పుడో, ఎవరి ఇంట్లోనో కొత్త పాపాయిని చూసినప్పుడో మాటల్లో మాటగా అనండి. ఒకరోజు కూర్చోబెట్టి పెద్ద విషయంలా చెప్పకండి. ఏడెనిమిదేళ్లకు పోలికల ప్రశ్నలు వస్తాయి, ఈ గిరజాల జుట్టు ఎవరిదని. అప్పుడు డోనర్ ప్రొఫైల్, అంటే బ్యాంకు ఇచ్చిన ఆయన వివరాల కాగితం చూపించండి. 'గొప్ప మనిషి' అని కథ అల్లవద్దు, రేపు కలిసినప్పుడు ఆ కథకు సరిపోయే మనిషి దొరకడు. ఆ ప్రశ్నలకు మీ ముఖం ముడుచుకుంటే పాప వెంటనే పసిగట్టేస్తుంది, ఇక అడగడం మానేస్తుంది. కనని తల్లికి అక్కడ చివుక్కుమనడం సహజమే. ఆ బాధ మీ భార్యతో చెప్పుకోండి, పాప ముందు కాదు.

ప్రొఫైల్, డోనర్ నంబరు, వైద్య చరిత్ర కాగితాలన్నీ ఇప్పుడే కాపీలు తీసి పెట్టుకోండి. బ్యాంకులు మూతపడతాయి, చేతులు మారతాయి. పాపకు వంశపారంపర్య జబ్బేదైనా బయటపడితే బ్యాంకుకు తెలియజేయండి. అదే డోనర్ పిల్లలున్న మిగతా కుటుంబాలు వెతికితే దొరకవచ్చు. 2000లో మొదలైన డోనర్ సిబ్లింగ్ రిజిస్ట్రీ ఇందుకే ఉంది. తల్లులు ఈమెయిళ్లు రాసుకోవచ్చు. కలవాలా వద్దా అన్నది పాప కాస్త పెద్దయ్యాక తన ఇష్టం.

భీమవరం దగ్గర మాత్రం గట్టిగా ఉండండి. ఊళ్లో అందరికీ అన్నీ విప్పి చెప్పనక్కర్లేదు. రైల్లో పక్క సీటావిడ అడిగితే "వాళ్ల మమ్మీ అక్కడే ఉందండీ, ఉద్యోగం" అంటే సరిపోతుంది, అది అబద్ధం కాదు. లేని నాన్నను పుట్టించడం వేరు. దాన్ని మోయాల్సింది నాలుగేళ్ల పిల్ల. మొదటి రోజు భోజనాల దగ్గరే "నాకు ఇద్దరు అమ్మలు" అనేస్తుంది, పెద్దలు ఉష్ అంటారు, తన ఇంట్లో ఏదో తప్పుందని ఆ క్షణాన నేర్చుకుంటుంది. బయల్దేరే ముందే అమ్మకు ఫోన్ చేసి ఆవిడ అనగలిగే మాట ఒకటి ఇవ్వండి: "మా అమ్మాయీ, దాని తోడూ కలిసి పెంచుకుంటున్నారు." అదీ కుదరదంటే వారం ఉండాల్సింది రెండు రోజులుండి రండి, పెద్ద పేరంటాలకు వెళ్లకండి. రక్తం మాట మళ్లీ వస్తే పాప ముందు అనవద్దని ఖరాఖండీగా చెప్పండి. పూజలో గోత్రం అడిగితే మీ నాన్నగారిది చెప్పండి.

చివరగా, ఉత్తరంలో మీరు ప్రస్తావించనిది. జనన ధ్రువపత్రంలో మీ పేరున్నా సరే, సెకండ్ పేరెంట్ అడాప్షన్ (కనని తల్లిగా మీరు పాపను కోర్టు ద్వారా దత్తత తీసుకోవడం) పూర్తిచేయండి. ధ్రువపత్రం కోర్టు తీర్పు కాదు. 2023లో ఓక్లహోమాలో ఒక జడ్జి ధ్రువపత్రంలో పేరున్న కనని తల్లిని తల్లిగా ఒప్పుకోలేదు. దత్తత అయితే కోర్టు ఉత్తర్వు, మిగతా రాష్ట్రాలు గౌరవించి తీరాలని 2016లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. మన సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో స్వలింగ వివాహాలకు గుర్తింపు ఇవ్వలేదు, కాబట్టి పెళ్లి కాగితం ఇక్కడ మీకు అక్కరకు రాదు. సంక్రాంతిలోపు ఉత్తర్వు చేతికి రాకపోతే, పాపతో ప్రయాణానికీ, అవసరమైతే వైద్యానికీ అనుమతిస్తూ మీ భార్య సంతకం చేసిన పత్రం నోటరీ చేయించి పాస్‌పోర్టుతోపాటే పెట్టుకోండి.